బటన్ ఒక్కటే, నొక్కేదెవరు?

గోడపత్రికకి ఏదైనా రాయమని మేడమ్ అడిగిన రోజు మన క్లాసులో చాలామంది మాతృభాష గురించి రాస్తామన్నారు. నేను బట్టలుతికే మిషన్ గురించి రాస్తానన్నాను. అందరూ గొల్లున నవ్వారు. మేడమ్ కూడా నవ్వి, "రాయమ్మా, కానీ కథలా వదిలెయ్యకు, నీ అభిప్రాయం ఏంటో తేల్చి చెప్పు" అన్నారు. సరే, ముందే తేల్చి చెబుతున్నాను. మా ఇంట్లో ఉన్న ముప్పయ్యేళ్ళ పాత మిషన్‌ని ఈ దీపావళికి మార్చకూడదు. అది పాతది కాబట్టి ఉంచమనడం లేదు. కొత్తది కొనే ముందు మా ఇంట్లో తేలాల్సిన విషయం ఒకటుంది, అది తేలేదాకా ఉంచమంటున్నాను. బహుశా మీ ఇళ్ళల్లో కూడా తేలలేదేమో, అందుకే ఇక్కడ అంటిస్తున్నాను.

జరిగిందేమంటే, మా అన్నకి ఈ ఏడాదే ఉద్యోగం వచ్చింది. దీపావళి ఎక్స్ఛేంజ్ ఆఫర్‌లో పాత మిషన్ ఇచ్చేసి అమ్మకి ఫుల్లీ ఆటోమేటిక్ కొనిస్తానన్నాడు. ఒక్క బటన్ నొక్కితే చాలట. నీళ్ళు అదే పట్టుకుంటుంది, అదే ఉతుకుతుంది, అదే జాడిస్తుంది, అదే పిండుతుంది. అమ్మ "నీ ఇష్టం నాన్నా" అంది. అవ్వ మాత్రం ససేమిరా అంది. "నా మిషన్ కాయలాన్ కడకి పోవడానికి వీల్లేదు" అని రెండు రోజులు ఎవ్వరితోనూ మాట్లాడలేదు. నన్నడిగితే అన్నకే ఓటేశాను. అవ్వది మొండితనం అనుకున్నాను. తర్వాత నెల రోజులు ఆలోచించి ఓటు మార్చుకున్నాను. అవ్వ చెప్పే కారణం వేరు, నా కారణం వేరు. రెండూ చెబుతాను.

మాది చాకలిపేట. తమిళంలో వణ్ణారపేట్టై, ఇంగ్లీషు వాళ్ళకి వాషర్‌మన్‌పేట. కుంపిణీ కాలంలో ఓడలెక్కే నేతబట్టల్ని ఉతికి తెల్లబరిచేవాళ్ళు కాపురమున్న చోటు కాబట్టి ఆ పేరు వచ్చింది. బట్టలుతకడం పేరులోనే ఉన్న పేటలో పుట్టి, దాని గురించి రాస్తే నవ్వుతారేంటి మీరు?

మా మిషన్ 1995లో వచ్చింది. అప్పటికి అమ్మ ప్లస్ టూ చదువుతోంది. ఇంట్లో ఎనిమిది మంది. తాత హార్బర్‌లో పని చేసేవాడు, ఆయన చొక్కాలకి అంటే నూనె మరక ఒక పట్టాన వదిలేది కాదు. అవ్వకి కడుపు ఆపరేషన్ అయింది, బరువులెత్తకూడదన్నారు. దాంతో ఎనిమిది మంది బట్టలూ అమ్మ మీద పడ్డాయి. తెల్లారుజామున నాలుగింటికి లేచి వీధి చేతిపంపు దగ్గర వరసలో నిలబడి నీళ్ళు తేవాలి. నానబెట్టాలి, బండ మీద బాదాలి, జాడించాలి, పిండాలి, మేడ మీదికి మోసుకెళ్ళి ఆరెయ్యాలి. ఇన్నీ అయ్యి బడికి వెళ్ళేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. హాజరు తక్కువైంది, ఇలా అయితే పరీక్షకి కూర్చోనివ్వమని బళ్ళో చెప్పారు. అవ్వకి ఇద్దరు కొడుకులున్నారు, అంటే మా మామలు. అమ్మ కంటే ఒకడు పెద్ద, ఒకడు చిన్న. వాళ్ళ హాజరు ఎప్పుడూ తగ్గలేదు.

అవ్వ ఒక వేలం చీటీ కడుతూ ఉండేది. అమ్మ పెళ్ళికి గాజులు చేయిద్దామని. ఆ నెలే చీటీ తోపుకి పాడి, ఆ డబ్బుతో మిషన్ కొనేసింది. తాత వారం రోజులు అరిచాడట, ఇంట్లో ఆడవాళ్ళకి చేతులు లేవా అని. "చేతులున్నాయి, ఆ చేతులతో అది పరీక్ష రాయాలి" అందట అవ్వ. ఈ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. అమ్మ ప్లస్ టూ పాసయింది, తర్వాత బి.ఎ. కూడా చేసింది. మా అమ్మ వైపు డిగ్రీ చేసిన మొదటి ఆడపిల్ల ఆమే. అమ్మకి పెళ్ళయి పక్క వీధికొచ్చింది. తాత పోయాక అవ్వ మా ఇంటికొచ్చింది, అవ్వతో పాటు మిషన్ కూడా వచ్చింది. అవ్వకి అది ఇనుప సామాను ఎందుకు కాదో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

హాస్టల్లో ఉండే మీలో కొందరు ఇలాంటి మిషన్ చూసి ఉండకపోవచ్చు. దీనికి రెండు తొట్లు ఉంటాయి. ఒకటి ఉతికేది, రెండోది పిండేది. ఉతికే తొట్టి అడుగున రెక్కలున్న పళ్ళెం లాంటిది ఒకటి కాసేపు ఇటు, కాసేపు అటు తిరుగుతుంది. దాన్ని పల్సేటర్ అంటారు. నీళ్ళు మనమే పట్టాలి, పొడి మనమే వెయ్యాలి, గడియారంలా కీ తిరిగే నాబ్‌ని మనమే తిప్పాలి. ఉతకడం అయ్యాక తడి బట్టల్ని చేత్తో తీసి పక్క తొట్లో వెయ్యాలి. దాన్ని అందరూ డ్రయ్యర్ అంటాం గానీ అది ఆరబెట్టదు, గిర్రున తిప్పి నీళ్ళు పిండుతుంది, అంతే. బట్టలు ఒక పక్కకే పడితే ఇల్లంతా దడదడలాడుతుంది. మూత తెరిస్తే బ్రేకు పడి ఆగుతుంది. ఇందులో చిప్పు లేదు, స్క్రీను లేదు. ముప్పయ్యేళ్ళలో మేం మార్పించినవి బెల్టు, కెపాసిటరు, నీళ్ళు కారకుండా ఉండే సీలు, బ్రేకు. అన్నీ మా వీధి మెకానిక్ అన్న మా వాకిట్లో కూర్చుని వేసినవే.

ఇప్పుడు పొడి గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ మిషన్‌కి సగం చదువు పొడిలోనే ఉంది. అవ్వ చిన్నప్పుడు బార్ సబ్బు, చాకలి సోడా, నీలిమందు, ఇవే. మా పేటలో బోరు నీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. సబ్బుకి అలాంటి నీళ్ళు పడవు. నీళ్ళల్లో ఉన్న కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. సబ్బు అరిగిపోతుంది, నురగ రాదు, బట్ట మీద బూడిద రంగు పొర మిగులుతుంది. డిటర్జెంట్ పొడికి ఆ బాధ చాలా తక్కువ. 1959లో హిందుస్థాన్ లీవర్ వాళ్ళు మన దేశంలో సర్ఫ్ తెచ్చారు. అది ఎంత పాకిందంటే మా అవ్వకి ఈ రోజుకీ ఏ కంపెనీ పొడయినా 'సర్ఫే'. కానీ ధర ఎక్కువ. 1969లో గుజరాత్‌లో కర్సన్‌భాయ్ పటేల్ అనే ప్రభుత్వోద్యోగి ఇంట్లోనే పొడి కలిపి సైకిల్ మీద తిరిగి అమ్మడం మొదలుపెట్టాడు. కూతురు నిరుపమ పేరు మీద దానికి నిర్మా అని పేరు పెట్టాడు. ధర బాగా తక్కువ కాబట్టి మా లాంటి ఇళ్ళల్లోకి అదే వచ్చింది. దానికి జవాబుగా 1980ల్లో సర్ఫ్ వాళ్ళు టీవీలో లలితాజీని దించారు. చవకకీ, మంచి సరుకుకీ తేడా తెలిసిన గృహిణిగా ఆమె బేరాలాడుతూ కనిపించేది. ఎవరి పొడి ఎవరు కొన్నా, ఉతికేది ఆడమనిషే అన్నదాంట్లో మాత్రం రెండు కంపెనీలకీ తేడా లేదు.

ఈ పొడుల్లో జిడ్డుని వదిలించే ముఖ్యమైన పదార్థం పేరు లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫొనేట్. దాని అణువుకి ఒక కొస నీళ్ళని పట్టుకుంటుంది, రెండో కొస జిడ్డుని పట్టుకుంటుంది. అలా తాత చొక్కా మీది నూనె నీళ్ళల్లోకి వచ్చేస్తుంది. దీనికి మూలమైన లీనియర్ ఆల్కైల్ బెంజీన్ మన మణలిలోనే తయారవుతుంది, మా ఇంటి నుంచి బస్సులో పోయేంత దూరం. చవక పొడుల్లో సోడా పాలు ఎక్కువ. అది నీళ్ళ గట్టితనాన్ని తగ్గిస్తుంది, మురికినీ వదిలిస్తుంది, దాంతో పాటు చేతుల చర్మాన్నీ తినేస్తుంది. అమ్మ ప్లస్ టూ నాటి చేతుల గురించి అవ్వ చెప్పేది వింటే, కలం పట్టుకోవడానికి కూడా వేళ్ళు మండేవట. మిషన్ రావడం వల్ల మిగిలింది టైమొక్కటే కాదు, ఆ వేళ్ళు కూడా.

ఇవన్నీ నాకు ముందే తెలుసని అనుకోవద్దు. తెలియకపోవడం వల్ల నేను చేసిన పాపం ఒకటుంది. ఫస్ట్ ఇయర్‌లో మన తెలుగు శాఖ ఉగాది కార్యక్రమానికి అవ్వ పెళ్ళినాటి కంచి పట్టుచీర కట్టుకొచ్చాను, మీకు గుర్తుండొచ్చు. పచ్చడి మరక పడింది. ఇంట్లో ఎవరూ లేరు. అవ్వకి తెలియకుండా శుభ్రం చేసేద్దామని, మొండి మరకలు పోగొడుతుందని ప్యాకెట్ మీద రాసి ఉన్న పొడి రెండు కప్పులు వేసి మిషన్‌లో తిప్పేశాను. మరక పోయింది. చీర మెరుపు కూడా పోయింది. అంచు రంగు కండువాలోకి దిగింది, జరీ పోగులు లేచాయి.

తర్వాత చదివి తెలుసుకున్నాను. మొండి మరకల పొడుల్లో ఎంజైములుంటాయి. రక్తం, పాలు, గుడ్డు లాంటివి మాంసకృత్తుల మరకలు. ప్రోటియేజ్ అనే ఎంజైము ఆ మాంసకృత్తుల్ని ముక్కలు చేసి నీళ్ళల్లో కలిసిపోయేలా చేస్తుంది. 1913లోనే జర్మనీలో ఓటో రోమ్ అనే ఆయన బట్టలుతకడానికి ఎంజైములు వాడే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. మంచి పనే. కానీ పట్టు, ఉన్ని కూడా మాంసకృత్తులే కదా. ఆ ఎంజైముకి మరకేదో చీరేదో తెలియదు. దానికి తోడు పొడిలోని క్షారం, పల్సేటర్ రాపిడి. అవ్వ ఎప్పుడూ పట్టుని కుంకుడుకాయ నురగలో ముంచి, పిండకుండా, తిరగేసి నీడన ఆరేసేది ఇందుకేనని చీర పోయాక తెలిసింది. అవ్వ తిట్టలేదు. చీర మడత పెట్టి పెట్టెలో పెట్టేసి, "నీకు చెప్పకపోవడం నాదే తప్పు, మీ అమ్మకి చెప్పాను, నీకు చెప్పలేదు" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పట్నుంచీ అవ్వ దగ్గర నేర్చుకుంటున్నాను. ఆమెకి తెలిసినవి చాలా ఉన్నాయి. నెలసరి మరకలకి చన్నీళ్ళే వాడాలి, వేణ్ణీళ్ళు పోస్తే మరక గట్టిపడి బట్టలోనే ఉండిపోతుంది. బకెట్లో ఉతికే పొడికి నురగెక్కువ. ముందు తలుపున్న మిషన్‌లో ఆ పొడి వేస్తే నురగ నిండి బట్టలు సరిగ్గా పడి కొట్టుకోవు, ఉతుకు పడదు. అందుకే ఆ మిషన్‌లకి తక్కువ నురగ పొడి వేరే అమ్ముతారు. ఎక్కువ పొడి వేస్తే ఎక్కువ తెల్లబడదు, జాడించడానికి ఎక్కువ నీళ్ళు పడతాయి, అంతే. హాస్టల్ అమ్మాయిలూ, బాత్రూమ్ నేల మీద నురగ చూస్తుంటే మీకు ఇది చెప్పాలనిపిస్తుంది. చేత్తో తాకితే జారుడుగా ఉన్నంత పొడి చాలు.

ఇక నీళ్ళ సంగతి. 2019 ఎండాకాలం మనమెవరం మర్చిపోలేదు. పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు. నేను తొమ్మిదో క్లాసు. నీళ్ళ లారీ వచ్చిందంటే పుస్తకాలు పడేసి బిందెలతో పరుగెత్తేదాన్ని. కృష్ణ నీళ్ళు కండలేరు దాటి పూండికి మొదటిసారి వచ్చింది 1996లో. అంటే మా మిషన్ ఈ ఊళ్ళో కృష్ణ నీళ్ళ కంటే ఏడాది పెద్దది. కరువు ఏడాది అవ్వ మిషన్‌ని తన చేతిలోకి తీసుకుంది. ఒకే సబ్బు నీళ్ళల్లో ముందు తెల్లవి, తర్వాత రంగువి, చివర్న మసిగుడ్డలు, కాళ్ళ పట్టాలు. అవన్నీ పక్కన పెట్టి, మంచినీళ్ళు ఒకసారి పట్టి అదే వరసలో జాడింపు. మళ్ళీ ఒకసారి. వదిలిన నీళ్ళు గొట్టంతో డ్రమ్ములోకి, అక్కణ్ణుంచి పాయిఖానాలోకి.

మొన్న నేను బిందెతో కొలిచాను. మా బిందె పదిహేను లీటర్లది. మూడు విడతల బట్టలకి మొత్తం పది బిందెలయ్యాయి, అంటే 150 లీటర్లు. మా పిన్ని ఇంట్లో పై మూత ఫుల్లీ ఆటోమేటిక్ ఉంది. దాని గొట్టం డ్రమ్ములో పెట్టి కొలిస్తే ఒక్క విడతకే ఎనిమిది బిందెలు, 120 లీటర్లు. మూడు విడతలకి 360. కొత్త మిషన్ ఒకసారి వాడిన నీళ్ళని పారబోసేస్తుంది, తర్వాతి విడత కోసం దాచుకోదు.

అయితే ఇక్కడ నిజం కూడా ఒప్పుకోవాలి. ముందు తలుపుండే రకం, పై మూత రకం కంటే చాలా తక్కువ నీళ్ళు వాడుతుంది. అది కొంటే నీళ్ళ లెక్కలో అన్న గెలవొచ్చు. పైగా పాత మిషన్‌లో కొళాయి తెరిచిపెట్టి జాడిస్తే అదీ నీళ్ళు తాగే రాక్షసే. పొదుపు మిషన్‌లో లేదు, అవ్వలో ఉంది. పాత మిషన్ వల్ల నడుం నొప్పి కూడా నిజమే. తడి జీన్సు ప్యాంటుని ఒక తొట్లోంచి ఇంకో తొట్లోకి ఎత్తి చూడండి, తెలుస్తుంది. అమ్మకి ఇప్పుడు నలభై ఏడేళ్ళు. భుజం పట్టేస్తోందంటోంది. కాబట్టి "పాతదే బంగారం" అని నేను పాట పాడను. అవ్వకి ఆ హక్కుంది, నాకు లేదు.

మరి నా కారణమేంటి?

మన లైబ్రరీ కంప్యూటర్‌లో ఒక ఉపన్యాసం చూశాను. స్వీడన్ దేశపు హాన్స్ రోస్లింగ్ 2010లో ఇచ్చింది. వాళ్ళింటికి మొదటి మిషన్ వచ్చిన రోజు వాళ్ళ నానమ్మ దాని ముందు కుర్చీ వేసుకుని మొత్తం ఉతుకంతా కూర్చుని చూసిందట. మిషన్ వచ్చాక వాళ్ళమ్మకి టైము మిగిలి, కొడుకుని లైబ్రరీకి తీసుకెళ్ళిందట. మిషన్ పుస్తకాలనిచ్చింది అని ఆయన వాదన. మా అమ్మ బి.ఎ. చూసిన నాకు ఇది నూటికి నూరుపాళ్ళు నిజమనిపించింది.

తర్వాత ఇంకో పుస్తకం గురించి చదివాను. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో రాసిన 'మోర్ వర్క్ ఫర్ మదర్'. ఆమె వాదన వేరు. ఇంటి పనికి యంత్రాలొచ్చాయి గానీ తల్లి పని గంటలు అనుకున్నంత తగ్గలేదంటుంది. ఇదివరకు బట్టలు బయటికి వేసేవాళ్ళు, సాయానికి మనిషిని పెట్టుకునేవాళ్ళు, కొన్ని పనులు మగవాళ్ళూ పిల్లలూ చేసేవాళ్ళు. యంత్రం రాగానే "ఇక సులువే కదా" అని అవన్నీ ఒక్క తల్లి మీదికొచ్చాయి. శుభ్రం మీద ఆశ కూడా పెరిగింది. వారానికోసారి మార్చే దుప్పటి మూడు రోజులకే మారింది.

ఇది కూడా మా ఇంట్లో నిజమే. మిషన్ వచ్చిన ఏడాదే మామలు రోజుకి రెండు చొక్కాలు మార్చడం మొదలుపెట్టారట. అమ్మకి మిగిలిన టైములో సగం ఆ చొక్కాలు తినేస్తుంటే, అవ్వ ఒక రూలు పెట్టింది. ఉతికే తొట్లోంచి పిండే తొట్లోకి బట్టలు మార్చడం, మేడ మీదికి మొయ్యడం మగపిల్లల పని. చెయ్యకపోతే ఎవరి చొక్కాలు వాళ్ళకి తడిగానే ఉంటాయి. తడి చొక్కాతో ఒకరోజు కాలేజీకి పోయాక పెద్ద మామకి బుద్ధొచ్చింది. ఇప్పుడు వాళ్ళింట్లో ఇస్త్రీతో సహా బట్టల పని ఆయనదే, అత్త గొప్పగా చెప్పుకుంటుంది.

రెండు తొట్ల మధ్య ఉన్న ఆ పని చూడ్డానికి మిషన్‌లో లోపం లాగుంటుంది. అవ్వ ఆ లోపంలోకి ఇద్దరు మగపిల్లల్ని నిలబెట్టింది. కొత్త మిషన్‌లో ఆ సందు కూడా ఉండదు. ఒక్క బటన్. ఇంత సులువైన పనిని పంచుకోవడమేంటి అంటారు. పంచుకోరు కాబట్టి నొక్కేది అమ్మే అవుతుంది. నొక్కడానికి ముందు జేబులు వెతకాలి, రంగు దిగేవి ఏరాలి, కాలర్లు రుద్దాలి, పొడి ఎంతో చూడాలి. నొక్కిన తర్వాత ఆరెయ్యాలి, తియ్యాలి, మడత పెట్టాలి, ఎవరివి వాళ్ళ అలమరలో సర్దాలి. ఇవేవీ బటన్‌లో లేవు. పిన్ని ఇంట్లో ఫుల్లీ ఆటోమేటిక్ వచ్చి ఆరేళ్ళయింది. బాబాయికి ఇవాళ్టికీ దాన్ని ఆన్ చెయ్యడం రాదు. సిగ్గుపడకుండా నవ్వుతూ చెబుతాడు.

2019లో కేంద్ర ప్రభుత్వం మన దేశంలో ఎవరి టైము దేనికి పోతోందో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు అప్పుడు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టేవాళ్ళు. ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. ఇది చేతిపంపు కాలం లెక్క కాదు. మిషన్లు, మిక్సీలు, గ్యాసు ఇళ్ళల్లోకి వచ్చాక తేలిన లెక్క.

ఈ లెక్క చదివాక అన్నని ఒక మాటడిగాను. "కొత్త మిషన్ అమ్మకి కొంటున్నావా, ఇంటికి కొంటున్నావా?" అని. "అమ్మకే" అన్నాడు ప్రేమగా. వాడి ప్రేమని నేను అనుమానించడం లేదు. మొదటి జీతంలోంచి తన కోసం ఫోను కూడా కొనుక్కోకుండా దీనికి డబ్బు దాచాడు. కానీ బట్టలు నలుగురివి అయినప్పుడు మిషన్ అమ్మకి కానుక ఎలా అవుతుంది? తాత 'ఆడవాళ్ళకి చేతులు లేవా' అన్నాడు. అన్న 'అమ్మ చేతులకి నొప్పి లేకుండా చేస్తా' అంటున్నాడు. అన్న మాట వెయ్యి రెట్లు మెరుగు. కానీ ఇద్దరి మాటల్లోనూ చేతులు ఆమెవే.

అమ్మనీ అడిగాను, నిజంగా నీకేం కావాలని. కూరగాయలు తరుగుతూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఏ మిషనైనా నాకొకటే. పోయిన ఏడాది నాకు డెంగీ వచ్చి వారం ఆస్పత్రిలో ఉన్నానా, ఇంటికొచ్చేసరికి వారం రోజుల బట్టలూ నా కోసం ఎదురుచూస్తున్నాయి. నేను లేని రోజు కూడా నడిచే మిషన్ ఏదైనా ఉంటే కొనమను" అంది. కోపంగా అనలేదు, మామూలుగానే అంది. ఆ వారం నేను పరీక్షలున్నాయన్నాను, అన్న ఇంటర్వ్యూలున్నాయన్నాడు, నాయనకి డ్యూటీ. పాత మిషన్ పాడవలేదు, కరెంటుంది, నీళ్ళున్నాయి. నడిపేవాళ్ళం లేం.

అందుకే నా ఓటు మార్చుకున్నాను. అన్నకి ఒక షరతు పెట్టాం, అవ్వ కూడా ఒప్పుకుంది. దీపావళికి ముందు నాలుగు ఆదివారాలు ఇంటి బట్టలు అన్న, నాయన, నేను ఉతకాలి. ఏరడం దగ్గర్నుంచి అలమరలో సర్దేదాకా. అమ్మ ఆ పక్కకే రాకూడదు, అడిగితే చెప్పకూడదు కూడా. నాలుగు వారాలూ నిలబడితే అన్న ఏ మిషన్ కావాలంటే అది కొనుక్కోవచ్చు. ముందు తలుపుదే కొనమని నేనే చెబుతాను. నిలబడకపోతే కొత్త మిషన్ వల్ల మా ఇంట్లో మారేది రంగు మాత్రమే.

మొదటి ఆదివారం అన్న మూడు కప్పుల పొడి వేశాడు. నురగ వరండా దాటి మెట్ల మీదికి పోయింది, ఆ నురగ వదిలేసరికి పద్దెనిమిది బిందెలయ్యాయి. నాయన కొత్త ఎర్ర తువ్వాలు తెల్ల పంచెలతో కలిపేసి, మూడు గులాబీ పంచెలు తయారుచేశాడు. అమ్మ గదిలో కూర్చుని చూస్తోంది, లేవబోతే అవ్వ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. రెండో ఆదివారం అన్న అడక్కుండానే జేబులు వెతికాడు. కొలత చెంచా ఎక్కడుందని నన్నడిగాడు. పదకొండు బిందెలతో అయిపోయింది. నేను ఒక అట్టముక్క మీద తెలుగులో రాసి మిషన్ మూతకి అంటించాను: ఏ బట్టకి ఎంత పొడి, ఏది ముందు, ఏది చివర, పట్టుచీర మాత్రం ఇందులో వద్దు. అవ్వ చెబుతుంటే రాసుకున్నది. ముప్పయ్యేళ్ళు ఇద్దరు ఆడవాళ్ళ బుర్రల్లో మాత్రమే ఉన్న విషయం ఇప్పుడు నాయన కళ్ళద్దాలు పెట్టుకుని చదువుతున్నాడు.

ఇంకా రెండు ఆదివారాలున్నాయి. అన్న నిలబడతాడో లేదో నాకు తెలియదు. మూడో వారం ఫ్రెండు పెళ్ళుందని ఇప్పుడే గునుస్తున్నాడు.

మీరందరూ ఎక్స్ఛేంజ్ ఆఫర్లు చూస్తూనే ఉంటారు, మీ ఇళ్ళల్లోనూ ఈ మాట వస్తుంది. కొత్తది కొనండి, వద్దనను. కొనే ముందు ఒక ఆదివారం అమ్మని పక్కన కూర్చోబెట్టి, ఉన్న మిషన్‌ని మీరూ, మీ అన్నదమ్ములూ, మీ నాయనలూ నడిపి చూడండి. ఎవరికి ఏది తెలియదో ఒక కాగితం మీద రాసుకోండి. సోమవారం లంచ్ టైములో ఈ గోడ దగ్గరే ఉంటాను. మీ ఇంట్లో ఎన్ని పంచెలు గులాబీ రంగయ్యాయో వచ్చి చెప్పండి.

— మూడో సంవత్సరం బి.కాం., పార్ట్ వన్ తెలుగు